గడువు లేని పాఠం

మా ఆయన ఒకేసారి నాలుగు పరాయి భాషలు నేర్చుకుంటున్నాడని నెల్లిమర్ల మిల్లు లైన్లలో తెలియని ఇల్లు లేదు. తెలిసిన ప్రతి ఇల్లూ నన్ను అడిగేది ఒకటే: "ఎందుకేటి సుభద్రమ్మా?" నాకు తెలిస్తే కదా చెప్పడానికి. తెలియదని ఒప్పుకోవడం చిన్నప్పటినుంచీ నాకు చేతకాదు. అందుకని "మీ ఇంటి సంగతి మీరు సూసుకోండి" అని తలుపు వేసేసేదాన్ని. నాకు కోపం ఎక్కువని లైన్లలో పేరు. ఆ పేరు ఊరికే రాలేదు.

ఆయన పేరు గణపతిరావు. మగ్గాల షెడ్డులో ఫిట్టరు. పనిలో వంక పెట్టడానికి లేదు. ఒక మగ్గం విప్పాడంటే మళ్లీ బిగించి, అది ఆడేదాకా అన్నం ముట్టడు. కానీ ఆయనకి నత్తి. ఎక్కడో ఒక మాట దగ్గర కొంచెం తడబడే నత్తి కాదు. మాట గొంతులో కూర్చుని, లేవనని మొండికేసే నత్తి.

మిల్లులో మాత్రం ఆయనకి ఆ బాధ లేదు. షెడ్డులో మగ్గాలన్నీ ఆడుతుంటే పక్కవాడి చెవిలో అరిచినా వినబడదు. అందుకని అక్కడ అందరూ చేతులతోనే మాట్లాడుకుంటారు. అరచెయ్యి నిలువుగా ఎత్తితే ఆగమని. రెండు వేళ్లు నోటి దగ్గర పెడితే టీకి వెళ్తున్నానని. అరచేతిని కిందికి రెండుసార్లు ఒత్తితే నిదానంగా కానిమ్మని, తొందరేం లేదని. ఆ సైగల్లో మా ఆయనంత చురుకైనవాడు లేడనేవాడు పక్కింటి సోములు. సోములు అదే షెడ్డులో నేతగాడు. షిఫ్టు నడుస్తున్నంతసేపూ మా ఆయన నవ్విస్తూనే ఉంటాడట. ఇంటికొస్తే మళ్లీ మామూలే. అందుకే ఆయనకి ఆదివారం అంటే ఇష్టం ఉండేది కాదు.

మా పెళ్లి యాభై రెండులో. అత్తవారిది చీపురుపల్లి పక్క ఊరు. సంబంధం మాట్లాడేటప్పుడు "పిల్లడు తక్కువ మాటలోడు" అని చెప్పారు. మా అమ్మ సంతోషించింది. ఇంటికి సరిపడా మాటలు నేనే ఆడతానని ఆమె ధీమా.

మా వైపు ఒక వేడుక ఉంది. కొత్త జంట మొదటిసారి ఇంట్లో అడుగుపెట్టేటప్పుడు ఆడపడుచు గుమ్మానికి అడ్డం నిలబడుతుంది. మొగుడు పెళ్లాం పేరు చెప్పాలి, పెళ్లాం మొగుడి పేరు చెప్పాలి. చెబితేనే దారి. తర్వాత జన్మంతా ఆడది మొగుడి పేరు నోటితో పలకదు కాబట్టి, ఆ ఒక్కసారీ పలికించి అందరూ సరదాపడతారు. ఆ రోజు మా ఆయన అక్క దాలమ్మ గుమ్మంలో రెండు చేతులూ చాచి నిలబడింది. నేను ఒక్క గుక్కలో "గణపతిరావు గారూ నానూ వొచ్చాం" అనేశాను. గట్టిపిల్లే అన్నారు.

తర్వాత ఆయన వంతు. "సు" దగ్గర ఆగిపోయాడు. మెడ బిగుసుకుంది. కళ్లు మూసుకున్నాడు. మళ్లీ "సు". ఎవరో కిసుక్కుమన్నారు. పిల్లలు అందుకుని సుసుసు అంటూ గంతులేశారు. ఆ తర్వాత పెద్దవాళ్లూ నవ్వారు. దాలమ్మ వదిన తమ్ముడి మొహం చూసి చేతులు దించేసింది. "పోన్లే, నోపలికి రండి" అని పక్కకి తప్పుకుంది.

పేరు చెప్పకుండానే లోపలికి వెళ్లాం. ఆనాటినుంచి ఆయన నన్ను "ఇదిగో" అనేవాడు, "ఏమే" అనేవాడు. లోకంలో మొగుళ్లందరూ పెళ్లాల్ని అలాగే పిలుస్తారు కాబట్టి ఎవరికీ వింతగా తోచలేదు. నాకు మాత్రం తెలుసు. నా పేరు ఆయన నోట వినాలని ఉండేది. సిగ్గు విడిచి చెబుతున్నాను, చాలా ఉండేది. ఆ మాట పైకి అనలేక వేరే విషయాల మీద పోట్లాడేదాన్ని.

అరవై ఏడులో రేడియో కొన్నాడు. పెంకుల మీద వెదురు కర్ర కట్టి దానికి ఏరియల్ తీగ లాగాడు. నేను పాటలు వినొచ్చని మురిసిపోయాను. రెండు రోజులు విన్నాను. మూడో రోజు తెల్లవారుజామున లేచి చూస్తే ఆయన రేడియో ముందు పీట వేసుకుని కూర్చున్నాడు. లోపల ఎవరో తెల్లవాడు ఇంగ్లీషులో రెండు ముక్కలూ, తన భాషలో రెండు ముక్కలూ చెబుతున్నాడు. జర్మను పాఠాలట. ఎస్సెల్సీ దాకా చదివాడు కాబట్టి ఆయనకి ఇంగ్లీషు అర్థమవుతుంది. ఆ స్టేషనుకి ఉత్తరం రాస్తే పాఠాల పుస్తకం ఊరికే పంపించారు. దాంతో ఆయనకి ఊపొచ్చింది.

ఒక ఆదివారం కూర్చుని, మగ్గం విడిభాగాల పట్టీ రాసినంత శుభ్రంగా ఒక కాగితం రాశాడు. జర్మను: ఆరు నెలలు, రోజుకి పది మాటలు. రష్యను: దసరాకి మొదలు, ఎనిమిది నెలలు. జపాను: అరవై ఎనిమిది వేసవిలోగా మొదటి పుస్తకం. ఫ్రెంచి: పుస్తకం దొరికాక. ఏ వారం ఏ భాష, ఏ పూట పాత పాఠం, అన్నీ గళ్లు గీసి రాశాడు. దాన్ని బీరువా తలుపు లోపలివైపు అంటించాడు. కాగితం కింద కొస మిగిలితే మడిచి దానికీ జిగురు రాశాడు. పొడుగెక్కువై మడిచాడనుకున్నాను.

"ఏ దేసం పోడానికి?" అన్నాను.

"ఎ... ఎక్కడికీ..."

"ఎక్కడికీ పోవు. మరెందుకు?"

ఆయన అరచేతిని కిందికి రెండుసార్లు ఒత్తాడు. నా కోపానికి ఆయన దగ్గరున్న మందు అదొక్కటే.

దసరాకి రష్యను మొదలైంది. మాస్కో ముద్ర ఉన్న కవర్లు రావడం మొదలైంది. ఏజెన్సీ కొండల్లో కమ్యూనిస్టుల గొడవలు ముదురుతున్న రోజులవి. పోస్టుమాను అప్పలసూరి ఆ కవరు రెండు వేళ్లతో పట్టుకుని, "ఇందులో ఏటున్నాదో నాకు తెల్దు, నాను సూళ్లేదు" అని నా చేతిలో పెట్టి పోయేవాడు. సోములైతే గోడ మీంచి తొంగిచూసి, "బావా, జెర్మనీవోడు మంచినీలు అడిగితే ఇస్తావు గాని, ఇజీనారం బస్సులో టిక్కెట్టు ఎలగ అడుగుతావు?" అని ఏడిపించేవాడు. అది మోటు మాటే అయినా అబద్ధం కాదు. బస్సులో టిక్కెట్టు ఎప్పుడూ నేనే అడిగేదాన్ని.

నన్ను తినేసింది వేరే సంగతి. జర్మను పుస్తకంలో ఇరవై పైచిలుకు పాఠాలున్నాయి. ఆయన మూడో పాఠం దాటలేదు. ఆరు నెలల గడువు దాటిపోయింది, ఆ పాఠం దగ్గర కాగితాలు నలిగి నల్లబడ్డాయి గానీ నాలుగో పాఠం మాత్రం కొత్త నోటులా ఉంది. రష్యను కూడా అంతే. జపాను కూడా అంతే. ఫ్రెంచి పుస్తకం విజయనగరంలో పాతపుస్తకాల వాడి దగ్గర దొరికితే, ముందు మూడో పాఠమే తెరిచాడు. విప్పిన మగ్గాన్ని బిగించకుండా అన్నం తినని మనిషి, భాష మీద భాష విప్పి పడేస్తూ ఉంటే నాకు అరికాలిమంట నెత్తికెక్కేది.

"మిల్లులో ఇలగే సేస్తే ఊరుకుంటారేటి? ఒకటి బిగించి రెండోది ఇప్పు" అన్నాను ఒకసారి.

"నా... నాకు కావలసింది..."

"నీకు కావలసింది పేరు. నాలుగు బాసలొచ్చినోడని."

ఆయన పుస్తకం మూసి షిఫ్టుకి వెళ్లిపోయాడు.

అరవై ఎనిమిది శీతాకాలంలో ఒకనాడు, ఇంకా పూర్తిగా వెలుగు రాకముందే బిందె పట్టుకుని కుళాయి దగ్గరికి వెళ్లాను. నీళ్లు రావడం లేదు. వెంటనే తిరిగొచ్చాను. గుమ్మం దగ్గరికి వచ్చేసరికి లోపల మగగొంతు వినబడింది. రేడియో అనుకున్నాను. తలుపు సందులోంచి చూస్తే రేడియో దీపం వెలగడం లేదు. మా ఆయన పీట మీద కూర్చుని, కళ్లు మూసుకుని మాట్లాడుతున్నాడు.

"మైనె ఫ్రౌ హైస్ట్ సుభద్ర."

ఎక్కడా ఆగలేదు. నూనె వేసిన చక్రంలా మాట జారి వచ్చింది. కాస్త ఊపిరి పీల్చుకుని ఇంకోటి అందుకున్నాడు. "మయూ జెనూ జవూత్ సుభద్ర." ఆ తర్వాత జపాను. ఆ తర్వాత ఫ్రెంచి. ముందు మాటలు మారుతున్నాయి, చివర నా పేరు మారడం లేదు.

నాకు మొదట తోచింది ఏమిటంటే, నా మీద నాలుగు దేశాలకీ చాడీలు చెబుతున్నాడని. బిందె గుమ్మంలో దబ్బున పెట్టాను. ఆయన ఉలిక్కిపడ్డాడు.

"నా గురించి ఆలకి ఏటి సెబుతన్నావు?"

"అ... అది..."

"అది కోపిస్టిది, నా మాట ఇనదు. అంతే గదా?"

"కా... కాదు. పా..."

"పాపిష్టిది అనా?"

"పా..."

"సెప్పు మరి. జెర్మనీవోడికి సెప్పగలవు, నాకు సెప్పలేవేటి? పదారేల్లయింది. నా పేరు ఒక్కసారి నా మొహం మీద అనలేదు నువ్వు. ఆడెవుడికో అంటన్నావు."

ఆయన అరచేతిని కిందికి ఒత్తాడు. ఒకసారి. రెండోసారి.

తొందరేం లేదనే ఆ సైగ చూశాక ఒక సంగతి తట్టింది. పెళ్లయిన నాటినుంచీ ఆయన మొదలుపెట్టిన మాట ఏదీ నేను పూర్తి కానివ్వలేదు. సగంలో అందుకుని నేనే ముగించేదాన్ని. సాయం చేస్తున్నాననుకునేదాన్ని. సగంసార్లు తప్పు మాటతో ముగించేదాన్ని, దాని మీద పోట్లాడేదాన్ని కూడా. ఆ పూట నేల మీద కూలబడి నోరు మూసుకున్నాను. అంత కష్టమైన పని నేను అంతకుముందు చేసి ఎరగను.

ఆయన చెప్పాడు. ఎంతసేపు పట్టిందో నాకు తెలియదు. ఆగుతూ, మొదటికొస్తూ చెప్పాడు. ఆ తడబాట్లన్నీ ఇక్కడ రాయను.

"పాఠం. మూడో పాఠం. ఏ బాసలో సూసినా మూడో పాఠం అదే. ఇంట్లోవోల్ల పేర్లు సెప్పడం. 'నా పెల్లాం పేరు ఇది' అని. అందుకే అక్కడే ఉంటన్నాను."

నేను ఎదురుచూశాను.

"ఆ మాటలకి నాకు నత్తి అని తెల్దు. ఆటిని నాను సిన్నప్పుడు పలకలేదు. ఆటి ముందు ఎవులూ నవ్వలేదు. అందుకే ఒచ్చేస్తాయి."

"తెలుగుకి తెలుసేటి?" అన్నాను.

"తెలుగుకి తెలుసు."

లేచి వెళ్లి బీరువా తలుపు తీశాడు. కాగితం కింద మడత గోటితో లేపాడు. జిగురు ఎండి పెళుసెక్కింది. మడత లోపల అదే శుభ్రమైన దస్తూరీలో ఇంకొక వరస ఉంది.

తెలుగు: గడువు లేదు.

నాకు ఏడుపొచ్చింది. ఆయన నా వైపు చూడకుండా మడత మళ్లీ నొక్కబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాను. "అలగే ఉండనీ" అన్నాను. ఆయన కాస్త ఊపిరి తీసుకుని ఇంకొక మాట చెప్పాడు. ఆనాడు గుమ్మం ముందు నవ్వినవాళ్లని ఎప్పుడో మరిచిపోయాడట. అక్క జాలిపడి తప్పుకోవడం మాత్రం మరిచిపోలేకపోతున్నాడట. ఆవిడ ఇంకొంచెంసేపు నిలబడి ఉంటే వచ్చేదేమోనని.

ఆ తర్వాత రోజూ పొద్దున్న నేను కూడా పీట వేసుకుని కూర్చునేదాన్ని. "మైన్ మాన్ హైస్ట్ గణపతిరావు" అని నేను కూడా నేర్చుకున్నాను. మొగుడి పేరు తెలుగులో పలకకూడదు గానీ జర్మనులో పలకకూడదని ఎవరూ చెప్పలేదు. గోడ అవతల సోములు పళ్లు తోముకుంటూ, "బావకి తోడు అక్క కూడా దేసాలు పట్టింది" అని నవ్వేవాడు. నాలుగు భాషలూ అయ్యాక ఆయన తెలుగులో మొదలుపెట్టేవాడు. "సు" దగ్గర ఆగేవాడు. పొయ్యి మీద ఎసరు మరిగిపోతున్నా నేను కదిలేదాన్ని కాదు. అంతలో మిల్లు కూత వేసేది. ఆయన అన్నం డబ్బా తీసుకుని వెళ్లిపోయేవాడు. అలా ఆరు నెలలు గడిచాయి. తెలుగు అక్కడే ఉంది.

అరవై తొమ్మిది వైశాఖంలో దాలమ్మ వదిన కొడుకు నరసింగరావుకి పెళ్లయింది. పెళ్లి ఆడపిల్లవారి ఊళ్లో చేసుకుని, మర్నాడు బళ్ల మీద వదిన ఇంటికి వచ్చాం. వదిన కూతురు అమ్మడు గుమ్మానికి అడ్డం నిలబడింది. పదిహేనేళ్ల పిల్ల, గలగల మాట్లాడుతుంది. వదిన హారతి పళ్లెం పట్టుకుని దాని వెనక నిలబడింది. పెళ్లికొడుకు పేరు చెప్పాడు, పెళ్లికూతురు సిగ్గుపడి చెప్పింది, అందరూ నవ్వారు, ఇద్దరూ లోపలికి వెళ్లారు. వాళ్ల వెనక మేం. నేను మెట్టు మీద కాలు పెట్టేసరికి అమ్మడు మళ్లీ చేతులు చాచింది.

"మావా, నువ్వూ అత్తా కూడా పేర్లు సెప్పి రావాల. ఊరికే ఒగ్గను."

ఆ పిల్ల తప్పు లేదు. మా పెళ్లినాటికి అది పుట్టలేదు. ఆనాడు సుసుసు అని గంతులేసినవాళ్లు ఇప్పుడు మీసాలతో పందిట్లో నిలబడి ఉన్నారు. వదిన మొహం నల్లబడింది. హారతి పళ్లెం ఎవరి చేతిలోనో పెట్టి గబగబా ముందుకొచ్చి కూతురి చెయ్యి పట్టుకుంది.

"ఒసే గుంటా, తొలుగు. బేగి తొలుగు. ఆలని రానీ."

మా ఆయన అరచెయ్యి నిలువుగా ఎత్తాడు. వదిన మిల్లులో ఏనాడూ అడుగుపెట్టలేదు, అయినా ఆ సైగ అర్థమైంది. ఆగిపోయింది.

"నానూ," అన్నాడు. "నా పె... పెల్లాం సు..."

అక్కడ ఆగాడు.

ఆయన దగ్గర నాలుగు దొడ్డిదార్లున్నాయి. జర్మనులో చెబితే చాలు, ఊరంతా నోరు తెరుచుకుని చప్పట్లు కొట్టేది. చెప్పేస్తాడనే అనుకున్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు, నాకు కాదు, తనకి తనే. మళ్లీ "సు". మెడ నరం లేచింది. వెనకాల ఎవరో సకిలించి, పక్కవాడు మోచేత్తో పొడిస్తే ఆపేశాడు. నా నోటిదాకా నా పేరు వచ్చేసింది. నాలుక పళ్ల మధ్య పెట్టి గట్టిగా కొరికాను. ఆయన కళ్లు మూసుకోలేదు. ఈసారి నన్నే చూస్తున్నాడు.

"సు... సు... సుభద్ర. వొచ్చాం."

ఎవరూ నవ్వలేదు. అమ్మడు అసలు ఏమైందో తెలియక వాళ్లమ్మ వైపు చూసింది. వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఇప్పుడు నువ్వు, అత్తా" అంది అమ్మడు.

పదిహేడేళ్ల కిందట ఒక్క గుక్కలో చెప్పినదాన్ని. నోరు తెరిచాను. "గ" అన్నాను. అంతే. గొంతులో మాట కూర్చుండిపోయింది. మళ్లీ "గ" అన్నాను. కళ్లలోంచి నీళ్లు కారిపోతున్నాయి, మాట మాత్రం రాదు. ఇన్నేళ్లూ ఆయన ఉన్న చోటు ఎలాంటిదో అప్పుడు తెలిసింది నాకు.

ఆయన నా మాట అందుకోలేదు. అరచేతిని కిందికి రెండుసార్లు ఒత్తాడు.

వదిన కూతుర్ని పక్కకి జరిపి తనే వచ్చి గుమ్మంలో నిలబడింది. రెండు చేతులూ చాచింది. ఈసారి తప్పుకోలేదు. నేను ఆయన పేరు పూర్తిగా చెప్పేదాకా అలాగే నిలబడింది.